పెళ్ళిలో పెట్టిన షర్టు పీసు

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు వెల్డింగ్ షాపు ఓనరు ఫోన్ చేసి, "వదినా, యాకూబన్నకు జర కాలింది. పెద్ద దవాఖానకు రా" అన్నాడు. వెల్డింగ్ చేసేవాళ్ళకు జర కాలడం రోజూ ఉండేదే. అందుకే నెక్కొండలో పొయ్యి మీది అన్నం వార్చి, తాపీగా వరంగల్ రైలెక్కాను. ఆ తాపీని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

యాకూబ్ మా ఆయన. గేట్లు, గ్రిల్స్ చేసేవాడు. గ్రైండర్ రవ్వలు పొట్ట మీద పడి షర్టు అంటుకుంది. కుడిచేత్తో ఆర్పబోతే కరిగిన బట్ట చేతికి కూడా పట్టుకుంది.

క్యాజువాలిటీలో డాక్టరు ఆ ముక్కలు తీస్తూ, "కాటనైతే ఇంత లోతుకు పోయేది కాదు. ఇది సింథటిక్, కరిగి స్కిన్‌కు అతుక్కుంది. ఇట్లాంటిది తొడిగి నిప్పు పనికి ఎవరు పంపిన్రమ్మా?" అని అడిగాడు.

పంపింది నేనే. మా దగ్గర పెళ్ళయినా, చిన్న ఫంక్షనయినా బట్టలు పెడతారు. ఆ షర్టు పీసులు ఎవరూ తొడగరు, ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి తిరుగుతుంటాయి. నేను తెలివిగలదాన్ని కదా, వాటిని పని బట్టలుగా కుట్టించాను. మురికి కనపడదు, తొందరగా ఆరుతాయి. మంచి కాటన్ షర్టులేమో జుమ్మా నమాజుకని దాచిపెట్టాను.

థర్డ్ డిగ్రీ బర్న్స్ అన్నారు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. కట్టు విప్పేటప్పుడు ఆయన అరుపులు వార్డు బయటికి వినిపించేవి. నేను చెవులు మూసుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. తొడ నుంచి చర్మం తీసి గ్రాఫ్టింగ్ చేస్తే, వారానికే ఇన్ఫెక్షన్ వచ్చి ఊడిపోయింది. "మళ్ళీ చెయ్యాలె, గ్యారంటీ ఏం లేదు" అన్నారు. రెండోది నిలిచింది కానీ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. కాంట్రాక్చర్ అట. ఆరు నెలలుగా ఫిజియోథెరపీ చేయిస్తుంటే ఒక్క వేలు కొంచెం కదులుతోంది.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తూ అంతా చెప్పేశాను. డాక్టరు ఏమన్నాడో, ఆ షర్టు ఎక్కడిదో, ఎందుకు కుట్టించానో. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు కుట్టిచ్చినవ్, నేను తొడుక్కున్న. ఇద్దరికీ తెల్వకపాయె. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను ఆయన ముందు ఏడవడానికి కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు ఆయన వెల్డింగ్ హోల్డర్ పట్టలేడు. కుడిచేత్తో ముద్ద కలపలేడు, ఎడమచేత్తో తినడానికి మనసొప్పదు. మూడు పూటలా నేనే తినిపిస్తాను. బాగయిందా అని అడిగేవాళ్ళకు గాయం మానిందనే చెబుతాను. అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలియదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కనబడిన ప్రతివాళ్ళకూ బట్టల గురించి చెబుతున్నాను. మీ ఇంట్లో వెల్డింగ్ చేసేవాళ్ళు, హోటల్ వంట మాస్టర్లు ఉంటే ఫైర్ రెసిస్టెంట్ జాకెట్ అడిగి కొనిపించండి. దొరికేదాకా మందపాటి కాటన్, దాని మీద తోలు ఏప్రాన్ వేసి పంపండి. బట్ట ఏదో తెలియకపోతే అంచు నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించి చూడండి. మెత్తటి బూడిదయితే కాటన్. కరిగి పూసలా గట్టిపడితే పనికి తొడగొద్దు.

ఆయనను దవాఖానలో చేర్చిన మూడో రోజు, మిగిలిన పని షర్టులోంచి నేను కూడా ఒక పోగు లాగి కాల్చాను. కరిగి పూసయింది. ఒక్క అగ్గిపుల్ల చాలింది.