పరదాల కారు

నా చిన్నప్పుడు మా కారుకు పరదాలుండేవి. వెనక అద్దాలకు ముదురాకుపచ్చ గుడ్డ, దాని అంచున జాలరు కుట్టు. జమ్మలమడుగు బజారులో ఆ కారు పోతుంటే అరుగుల మీది వాళ్లు లేచి నిలబడేవారు. మా ఇంటి ఆడవాళ్లు నలుగురిలో కారు దిగరు. అది మా ఇంటి పద్ధతి. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

నాకు ఊహ తెలిసేసరికి పొలాలు చాలావరకు చేతులు మారాయి. అరుగుల మీద లేచేవాళ్లూ తగ్గారు. వాళ్లు తగ్గేకొద్దీ మా జేజి, అంటే మా నాయన తల్లి, పరదాలను మరింత బిగించి లాక్కునేది. కారు కూడా ఎంతోకాలం ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వేసవి సెలవుల్లో మా తాత, అదే జేజినాయన, "కారుండంగానే మీ జేజికి సముద్రం చూపించాల" అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన్ను కోరింది అదొక్కటేనట, సముద్రంలో కాళ్లు పెట్టి నిలబడాలని.

బద్వేలు మీదుగా నెల్లూరు చేరి, అక్కడినుంచి తీరం వెంబడి ఊరూరా ఆగుతూ పోయాం. జేజినాయన తోలేవాడు, పక్కన నేను, వెనక జేజి, మా అమ్మ. మైపాడులో నేను తడిసి ముద్దై వచ్చాను. జేజి పరదా సందులోంచి చూసి "శానా బాగుంది" అంది. దిగలేదు. రామాయపట్నంలోనూ అంతే. మా అమ్మ బతిమాలింది. "ఈడ మనల్ని ఎరిగినోళ్లు ఎవరుండారత్తా?"

"ఎరిగినోళ్లు లేకుంటే నేను వేరే మనిషినయితానా?" అంది జేజి.

చివరిది చీరాల దగ్గరి వాడరేవు. అక్కడినుంచి ఇక ఇంటికే. జేజినాయన గట్టిబాట చివర ఆపవలసినవాడు, ఆపలేదు. స్టీరింగు పక్కకు తిప్పి మెత్తని ఇసుకలోకి పోనిచ్చాడు. చక్రాలు గిర్రున తిరిగి సగం దాకా దిగబడ్డాయి. నేను ఆయన వంక చూశాను. ఎండాకాలం ఎండిన పెన్న ఇసుకలో అదే కారును అవతలి గట్టుకు తోలుకుపోయే మనిషి. అక్కడ ఏనాడూ దిగబడలేదు. ఆయన నావైపు చూడలేదు.

"బరువు తగ్గితే గాని లేయదు. అందరూ దిగాల" అన్నాడు, కారుతో చెబుతున్నట్టు.

పరదా కదల్లేదు. ఇంతలో వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు తొయ్యడానికి వచ్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ పరదా పక్కకు లాగి, "ఏమ్మా, మావోళ్ల నడుములిరగాలా ఏంటి? దిగు, సముద్రమేం కరవదు" అంది. మా ఇంటి పరదాను పరాయివాళ్లు తాకడం నేను చూసింది అప్పుడే. జేజి కోప్పడుతుందనుకున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. కొంగు భుజాల నిండా కప్పుకుని, వెన్ను నిటారుగా పెట్టి దిగింది. చక్రాలను చూసింది. జేజినాయనను చూసింది. "ఎట్లాగూ దిగితిమి గదా" అని, ఎవరికోసమూ ఆగకుండా నీళ్లవైపు నడిచింది.

మోకాళ్ల దాకా తడిసి, చీర బరువెక్కి, చాలాసేపు నిలబడింది. కారు ఎప్పుడో పైకి వచ్చింది. జాలర్లు నీడకు పోయారు. జేజినాయన మాత్రం ఆమె వెనక్కి తిరిగేదాకా చక్రం కింద ఏదో చూస్తున్నట్టు వంగే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో పరదాలు మళ్లీ మూసుకున్నాయి. చాలా దూరం పోయాక వెనకనుంచి జేజి గొంతు వినిపించింది. "పెన్నలో దిగబడని కారు ఈడ దిగబడిందంట." జేజినాయన మీసం కదిలింది.

ఆయన ఒక సాకు ఇచ్చాడు. ఆమె అది సాకని తెలిసే పుచ్చుకుంది. తలవంచకుండా అట్లా పుచ్చుకోవడం ఇవ్వడంకన్నా కష్టమని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా మోకాళ్లు మాట వినడం లేదు. ఆసుపత్రికి పొమ్మంటే పోను. మా కోడలు పొమ్మనదు. "మామా, ఒక్కదాన్నే ఆస్పత్రికి పోవాలంటే ఎట్లనో ఉంది, తోడు రాండి" అంటుంది. రోజూ బస్సెక్కి పులివెందులకు ఉద్యోగానికి పోయొచ్చే పిల్ల. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆటోలో నిటారుగా కూర్చుని తోడు పోతాను. డాక్టరు గది ముందు, "మీరూ ఒకసారి చూపించుకోగూడదా మామా" అంటుంది, గోడతో చెబుతున్నట్టు.

"ఎట్లాగూ వస్తిమి గదా" అంటాను.