కొత్త కాకముందు కోసిన చిక్కుడు

ముదిగొండ దగ్గర మా ఊరు, ఖమ్మంలో డిగ్రీ. నా భూగోళం అంతే. అలాంటిదాన్ని ఏడాదిపాటు వాలంటీరుగా ఉంటానని సంతకం పెట్టి, భద్రాచలం దాటాక బస్సు దిగి గంట నడిస్తే వచ్చే కోయగూడెంలో పడ్డాను. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు గానీ నాకది పరదేశమే. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి పోయినదాన్ని, మంచినీళ్లు కోయలో ఎట్లా అడగాలో ముందు వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

నన్ను ఉంచుకున్న ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు. ఒకామెను పెద్దమ్మా అనేదాన్ని, ఇంకొకామె ఆమె కోడలు. కొడుకు సారపాకలో కాంట్రాక్టు పని చేస్తూ వారానికోసారి వచ్చి పోయేవాడు. నాకు రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండుసార్లూ పెద్దమ్మే గంజి కాచి పోసింది, మంచం ఎండలోకి ఈడ్చింది, ఒళ్లు తుడిచింది. నేను మాత్రం నన్ను పంపిన సంస్థకిచ్చే రిపోర్టులో ‘స్థానికులకు సేవలందించాను’ అని రాశాను.

డిసెంబరుకల్లా నాలో ఏమీ మిగల్లేదు. పాఠం చెబుతూ కూర్చున్నచోటే కళ్లు మూతపడేవి. పిల్లలు గుసగుసగా ‘నిద్రపోనియ్యిరా’ అనుకోవడం కూడా వినపడేది. గడువు తీరి ఆదివారం బస్సెక్కితే మా ఇంట్లో ఫ్యాను కింద మూడు రోజులు పడుకోవచ్చన్నదొక్కటే ఆశ. ఏడాదంతా చిక్కిపోయిన నేను, ఆ చివరి శనివారం చిక్కుకుపోయాను.

ఆ రోజు అత్తాకోడళ్లు సంతకు పోయారు. ఏడాది వండి పెట్టారు, పోయేముందు ఒక్కపూటైనా వండి పెడదామని నా బుద్ధికి తోచింది. ఇంట్లో కూరగాయల్లేవు. కంచె మీద చూస్తే చిక్కుడు తీగ విరగకాసింది. ఎవరూ కోయడం లేదు. ‘పాపం, తీరిక దొరకలేదేమో, ముదిరిపోతున్నాయి’ అని జాలిపడి మరీ కోశాను. ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే వాకిలంతా ఘుమఘుమలాడింది.

వాళ్లొచ్చారు. కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏందక్కా ఆ వాసన?”

పెద్దమ్మ ముందు కంచె వైపు చూసింది, తర్వాత పొయ్యి వైపు.

“కోసినవా?”

“అవ్ పెద్దమ్మా. మీరొచ్చేసరికి కూర చేద్దామని...”

“తిన్నవా?”

“ఉప్పు చూసిన.”

పెద్దమ్మ సంచి కింద పెట్టి అక్కడే కూర్చుంది. కోడలే చెప్పింది. బుధవారం చిక్కుడు పండుగ, ‘చిక్కుడు కొత్త’ అంటారు. కొత్తకాయ ముందు అమ్మోరికి పెట్టాలి, అప్పటిదాకా ఊళ్లో ఎవరూ ముట్టరు. అందులోనూ మొదటి బుట్ట ఈ ఇంటిదే. పెద్దమ్మ అత్తగారి కాలం నుంచీ అంతే. ఇంట్లో ముందే వండుకున్నాక ఆ బుట్ట మొదట ఎట్లా పోతుంది?

“మామిడికాయలప్పుడు చెప్పినం గద అక్కా, పండుగ కానిదే తినొద్దని?”

“అది మామిడికే అనుకున్న.”

నిజమే, చెప్పారు. మామిడి గురించి వాళ్లు చెప్పిందంతా నేను రిపోర్టులో రెండు పేజీలు రాసి, కింద గీత కూడా గీశాను. పక్కనున్న చిక్కుడును అడగాలని మాత్రం తట్టలేదు.

“గుంత తీసి పోసేద్దాం అత్తా. అక్క రేపు పోతది. ఎవ్వరికి తెల్వదు,” అంది కోడలు.

దాచడమెందుకు, ఆ మాట నాకు చాలా నచ్చింది.

“అమ్మోరికి తెల్వదా?” అని, పెద్దమ్మ కుండ మీద మూతపెట్టి బయటికి తీసుకుపోయింది. ఆ పూట ముగ్గురం పచ్చిపులుసుతో తిన్నాం.

ఆదివారం పొద్దున నా సంచి సర్ది ఉంది. పెద్దమ్మ ఒక కోడిని చంకన పెట్టుకుని తప్పు చెప్పుకోవడానికి పూజారి ఇంటికి బయల్దేరింది. పదింటికి బస్సు. కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. కాళ్లు రోడ్డు వైపే పోతామన్నాయి. వాటిని తిట్టుకుంటూ ఆమె వెనకాల నడిచాను.

“నువ్వెందుకు బిడ్డా?”

“కోసింది నేను గద.”

పూజారి ముసలాయన, చేపల బుట్ట అల్లుతున్నాడు. పెద్దమ్మ కోయలో అంతా చెప్పింది. ఆయన నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

“నువ్వొక్కదానివే తిన్నవా టీచరమ్మా?”

“ఒక్క గింజ తాతా. ఉప్పు చూడటానికి.”

“సరిపోయిందా?”

“కొంచెం తక్కువైంది.”

ఆయన నోట్లో పళ్లు లేకపోయినా నిండుగా నవ్వాడు. నేనూ నవ్వాను, అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ అల్లిక అందుకుని, పెద్దమ్మతో నెమ్మదిగా తెలుగులోనే అన్నాడు. కోడిని పండుగనాడు అమ్మోరికి ఇద్దాం. మొదటి బుట్ట మాత్రం ఈసారి వాగు పక్కింటిది. పెద్దమ్మ తల ఊపి లేచింది.

దారిలో అన్నాను, “నేను బుధవారం దాకా ఉంటా పెద్దమ్మా.”

“ఉండి ఏం జేస్తవ్? మళ్లేమన్న వండుతవా?”

ఆమె అన్నదానికి నవ్వాలో వద్దో తెలియలేదు. సంచి విప్పుకున్నాను. మూడు రోజులూ వాళ్లు పెట్టింది తిని పడుకున్నాను. పొయ్యి దగ్గరికి నన్నెవరూ రానివ్వలేదు.

బుధవారం అమ్మోరి గద్దె దగ్గర ఊరంతా చేరింది. మొదటి బుట్టకు విడిగా ఆకు పరుస్తారు. పూజారి ఆ ఇంటివాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు. మిగతా బుట్టలన్నీ పక్కన ఒకే కుప్పగా పోస్తారు. వాగు పక్కింటామె, పిలుపు విన్నా కదలకుండా పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ కోయలో ఏదో అంది. అర్థం అడగక్కర్లేదు, చేత్తో ‘పో, పో’ అంటోంది.

ఆమె పోయింది. తర్వాత అందరితోపాటు పెద్దమ్మ కూడా పోయి, తన కాయలు కుప్పలో పోసి, ఖాళీ బుట్ట బోర్లించి రెండుసార్లు తట్టి వచ్చింది. వచ్చి నా పక్కనే నిలబడింది. కుప్పలో ఏవి ఆమె కాయలో చూస్తూ ఉన్నాను గానీ, అప్పటికే వాటిమీద ఇంకో ఇంటివి పడ్డాయి.