బొట్లు పెట్టిన రైలింజను

మా ఆయన స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా చేసేవారు. కీ ఇస్తే నడిచే పాత రేకు బొమ్మలంటే ఆయనకు పిచ్చి. దుర్గ్‌లో పాత సామాన్ల దుకాణాలు తిరిగి లారీలు, బస్సులు, రైలింజన్లు తెచ్చి, లోపలి పళ్లచక్రాలు బాగుచేసి నడిపించేవారు. విశ్వకర్మ పూజనాడు షాపులో మెషిన్లకు బొట్లు పెట్టి ఇంటికొచ్చాక ఈ బొమ్మలకూ వరసగా కుంకుమ పెట్టేవారు. "ఇవీ మెషిన్లే కదే" అనేవారు.

ఈమధ్య ఆయనకు చూపు బాగా తగ్గింది. తడుముకుంటూ తీయబోయి రెండు బస్సులు కింద పడేశారు. కళ్లున్నవాళ్లకి అమ్మేద్దామని ఆ రోజే అన్నారు. మొట్టమొదట కొన్న నల్ల రైలింజను సంగతి మాత్రం ఎటూ తేల్చలేదు.

వేలం వేసే అతను రాయపూర్ నుంచి సెక్టర్ 7లోని మా ఇంటికి వచ్చి అన్నీ చూశాడు. "ఆంటీజీ, యే లాల్ దాగ్ సాఫ్ కర్ దీజియే" అన్నాడు. ఎర్ర మరకలు తుడిచేయమని. అతను వెళ్లాక ఒక లారీని కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. బొట్టుతోపాటు ఆకుపచ్చ రంగూ ఊడి రేకు బయటపడింది. మా ఆయన బొటనవేలితో తడిమి చూశారు.

"ఏటే, బొట్టు తుడిసీసినావేటి?"

"అతనే సెప్పాడండీ."

"బాగుంది. రేపు నన్ను తుడిసీమన్నా తుడిసీగలవు."

మిగతావాటి జోలికి పోలేదు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాకే, హిందీ రాత ఇంకా కుదరదు. అయినా ప్రతి బొమ్మకూ 'ఇవి మరకలు కావు, పూజ బొట్లు' అని హిందీలో చీటీ రాసి కట్టాను. పక్కింటి దీదీ తప్పులు దిద్దింది.

వేలం రోజు ఆ చీటీలు చదివి ఇద్దరు ముగ్గురు వెనక్కి తగ్గారు. అయినా బొమ్మలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చివరకు, ఆయన ఎటూ తేల్చని రైలింజను మిగిలింది. దాన్ని అడిగింది ఒక్కరే, పక్కనున్న మరోదా అనే ఊరి బళ్లో పాఠాలు చెప్పే ఒక తెలుగామె. మూడో పిలుపుతో అమ్మకం ఖాయమైపోతుంది, ఆలోగా అమ్మేవాళ్లు వద్దంటే వస్తువు వెనక్కి తీసుకోవచ్చు. రెండో పిలుపు కాగానే మా ఆయన చెయ్యెత్తారు. వద్దంటారనుకున్నాను. వద్దంటే బాగుండుననీ అనుకున్నాను.

"అమ్మా, పూజనాడు దీనికి బొట్టెడతావా?"

"మేం చర్చికి వెళ్తాం అంకుల్. బొట్టు పెట్టం. ఉన్నవి మాత్రం చెరపను."

మా ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు.

"నడిపిస్తావా మరి?"

"నేను ఊరుకున్నా మా పాప ఊరుకోదు కదా అంకుల్."

"అయితే కీ తొమ్మిది సుట్లే. పదోది తిప్పితే స్ప్రింగు తెగిపోద్ది. ఇలా వచ్చి తిప్పి సూపించు."

ఆమె వచ్చి పక్కన కూర్చుని కీ తిప్పింది. ఆయన ఇంజనుకు చెవి ఆనించి ఒకటీ, రెండూ అంటూ లెక్కపెట్టారు. తొమ్మిదో చుట్టుకు "చాలమ్మా" అని ఇంజను ఆమె ఒళ్లో పెట్టేశారు. అంతవరకూ ఆగిన వేలం వేసే అతను అప్పుడు మూడోసారి పిలిచాడు.