మూడు గంటల ‘ఆయ్’

మాణిక్యానికి కోపం ఎక్కువని అమలాపురంలో మా ఆసుపత్రికి వచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. నిజమే, ఎక్కువే. ఇరవై ఆరేళ్ళుగా తనూ నేనూ ఒకేచోట నర్సులుగా పనిచేస్తున్నాం కాబట్టి ఆ కోపం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. తలకు దెబ్బ తగిలిన మనిషిని గంటగంటకూ లేపాలి. పేరేమిటి, ఊరేమిటి, ఇవాళ ఏ వారం అని అడగాలి. కంట్లో లైటు వేసి చూడాలి, చెయ్యి నొక్కమనాలి. పడుకున్న మనిషిని లేపడమేమిటని బంధువులు తగువుకొస్తారు. నిద్రపడితే తల బాగుపడుతుందని ఎవరో పెద్దవాళ్ళు చెప్పారట. ఆ పెద్దవాళ్ళను ఒక్కసారి నాకు చూపించండి అంటుంది మాణిక్యం.

పెద్ద ఊళ్ళలో పుర్రెలోకి సన్నటి తీగ దింపి లోపలి ఒత్తిడి ఎంతుందో తెరమీద చూస్తారు. మాకున్నవి ఒక లైటు, ఒక నోరు, ఒక కాగితం. కళ్ళు తెరిచినందుకు నాలుగు మార్కులు, మాటకు అయిదు, కాళ్ళూ చేతులూ కదిపినందుకు ఆరు. మొత్తం పదిహేను. రెండు తగ్గాయంటే పరుగెత్తాలి.

కిందటి వేసవిలో ఒకరోజు పొద్దున్నే పోలిరాజును తీసుకొచ్చారు. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని. గట్టుమీద బండి జారి, తల తూము గోడకు కొట్టుకుంది. స్కానులో మెదడు మీద రక్తం పలచటి పొరగానే కనిపించింది. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, గంటగంటకూ చూడండి అని రాసి పెద్ద డాక్టరుగారు వెళ్ళిపోయారు. మెదడు ఆపరేషన్ చేసేవాళ్ళు మా దగ్గర లేరు. కావలిస్తే యానాం మీదుగా కాకినాడ పంపాలి, గంటన్నర దారి. ఎప్పుడు పంపాలో చెప్పాల్సింది మాణిక్యం చేతిలోని కాగితమే.

పోలిరాజు మహా మర్యాదస్తుడు. స్ట్రెచర్ మీద నుంచే మా ఇద్దరికీ దండం పెట్టాడు. ఎనిమిదింటికి పేరు, ఊరు, వారం అన్నీ సరిగ్గా చెప్పాడు. తొమ్మిదింటికి మాణిక్యం మళ్ళీ వెళ్ళేసరికి అతని భార్య లక్ష్మీప్రసన్న అడ్డంపడింది.

“అలిసిపోయేరండి. తేలిగ్గా అడగండమ్మా, మీకు పుణ్యం ఉంటది.”

మాణిక్యం తేలిగ్గానే అడిగింది.

“నీ పేరు పోలిరాజే కదయ్యా?”

“ఆయ్.”

“ఊరు ముమ్మిడివరమేనా?”

“ఆయ్ అండి.”

మాటకు అయిదు రాసింది. పదింటికీ అదే, పదకొండింటికీ అదే. ఎడమచేతికి సెలైన్ ఉందని కుడిచేత్తోనే నొక్కమంది. నొక్కాడు. ఆ పూట వార్డులో ఇంకా ఎనిమిది మంచాల పని తన మీదే ఉంది. ఈ సాకు నేను చెబుతున్నది, తనెప్పుడూ చెప్పలేదు.

పన్నెండింటికి లక్ష్మీప్రసన్న లేచి నిలబడింది. అప్పటికే మేనేజరు దగ్గరకెళ్ళి, ఈ సిస్టరుగారు మా ఆయన్ని పడుకోనివ్వడం లేదని చెప్పొచ్చింది కూడా.

“మళ్ళీ వచ్చేసేరా అండి? ఇప్పుడే గురకపెట్టి పడుకున్నారు. ఒక్క గంట వదిలెయ్యండి!”

మాణిక్యానికి ఒళ్ళు మండింది. ఆ మంటంతా పోలిరాజు మీద చూపించింది.

“ఏమయ్యా, నిద్రపోతున్నావా?”

“ఆయ్.”

లక్ష్మీప్రసన్నకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ వచ్చింది. మాణిక్యం నవ్వలేదు. అతని మొహంలోకి వంగింది.

“నీ పేరు మాణిక్యమా?”

“ఆయ్.”

“నీకింకా పెళ్ళి కాలేదు కదూ?”

“ఆయ్ అండి.”

లక్ష్మీప్రసన్న నవ్వు ఆగిపోయింది. మాణిక్యం అతని రెప్పలెత్తి లైటు వేసింది. కుడి కంటిపాప పెద్దదై ఉంది, వెలుతురుకు ముడుచుకోలేదు. ఎడమచెయ్యి ఎత్తి వదిలితే మంచంమీద దబ్బున పడింది.

“రాజోలులో పుట్టిపెరిగినదాన్ని,” అంది నాతో. “ఎవరేమన్నా మర్యాదకి ఆయ్ అనేస్తామని నాకు తెలీదా? మా నాన్న నిద్దర్లో కూడా ఆయ్ అనేవోడు. మూడు గంటలు పాడుచేసేనే!”

డ్యూటీ డాక్టరు శివప్రసాద్‌ది కడప. వచ్చి నెల కాలేదు. కాగితం చూశాడు.

“పదకొండుకు పద్నాలుగని మీరే రాసినారు కదా సిస్టర్. మాట్లాడుతున్నాడు కూడా. ఇంకోసారి స్కాన్ తీసి చూద్దాం.”

“మాట్లాడ్డం లేదండి, మర్యాద చేస్తన్నాడు! మర్యాద చెయ్యడానికి మా ఊళ్ళో మెదడు అక్కర్లేదండి. స్కాన్ కాకినాడలో తీస్తారు, ముందు పంపించండి!”

కాగితం లాక్కుని కింద రాసింది: తొమ్మిది, పది, పదకొండు గంటలకు మాటకు వేసిన మార్కులు తప్పు, నేను సరిగా అడగలేదు. సంతకం పెట్టింది. ఆ సంతకం చూశాక డాక్టరు పోలిరాజు దగ్గరకెళ్ళాడు. కంట్లో తనూ లైటు వేసి చూసి, వెంటనే ఫోను తీశాడు. పావుగంటలో అంబులెన్స్ బయల్దేరింది.

కాకినాడలో గడ్డకట్టిన రక్తం తీసేశారు. పోలిరాజు బతికాడు. మరుసటి వారం మాణిక్యానికి మేనేజరు మెమో ఇచ్చాడు. సరిగా అడగనందుకు కాదు, అడగలేదని రాసినందుకు. బంధువులు చూస్తే ఆసుపత్రి పేరేం కావాలని. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను మేనేజరుతో పోట్లాడబోతే మాణిక్యమే ఆపింది. ఆ రోజు నుంచి ఏ పేషంటునూ తను తేలిగ్గా అడగలేదు, కోపిష్టిదన్న పేరు ఇంకాస్త పెరిగింది.

మూడు నెలలకు మొగుడూ పెళ్ళాం మమ్మల్ని చూడటానికి వచ్చారు. పోలిరాజు ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఆ మూడు గంటల వల్లేనా అన్నది ఎవరూ చెప్పలేదు. మాణిక్యం చూపు మాత్రం ఆ కాలి మీదే ఉంది.

“మీరు లేపబట్టే ఈయన బతికేరండి,” అంది లక్ష్మీప్రసన్న.

“ఆ ముక్క మేనేజరుతో చెప్పమ్మా,” అని విసుక్కుని, పోలిరాజు వైపు తిరిగింది. “ఎలా ఉన్నావ్? బాగున్నావా?”

“ఆయ్.”

“ఆయ్ అంటే ఊరుకోను! నీ పేరు మాణిక్యమా?”

పోలిరాజు ఇబ్బందిపడ్డాడు. పెద్దావిడ మాట కాదనాలి. భార్య వైపు చూశాడు, నేల చూశాడు.

“కాదండి,” అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా. “పోలిరాజండి. మాణిక్యంగారు మీరండి.”

మాణిక్యం గోడవైపు తిరిగి ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళలో తను ఏడవడం నేను చూడలేదు. తర్వాత పమిటతో మొహం తుడుచుకుని వచ్చి, అతని ఎడమచెయ్యి అందుకుంది.

“నొక్కు,” అంది.

నొక్కాడు.

“ఇంకా గట్టిగా.”