బాలమణి కాల్చిన వంకాయ

మొయినాబాద్‌లో బాలమణి వంకాయ కాలిస్తే ఆ వాసనకు చేవెళ్ల బస్సు స్టాపు కాని చోట ఆగుతుంది. నేను తొమ్మిదిలోనే బడి మానేశాను, అబద్ధాలు నేర్పే తరగతి దాకా పోలేదు.

ఆమె భర్త మొగులయ్యకు గొంతు క్యాన్సర్. దవాఖానలో గొంతుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాక మెతుకు దిగలేదు. కట్టెల మంట మీద కాల్చి, తొక్క తీసి, కారం లేకుండా పెరుగులో మెదిపిన వంకాయ మాత్రం దిగింది. ఇరవై రోజులు మూడు పూటలా అదే పెట్టింది. అయినా ఆరు కిలోలు తగ్గాడు.

"కడుపు నిండుతది గాని అవ్వా, దాంట్ల నీళ్లే ఎక్కువ, బలం తక్కువ. గుడ్డు, నెయ్యి కలుపు," అన్నది దవాఖాన నర్సు.

ఆ మధ్యాహ్నం బాలమణి ఉడికిన గుడ్డు నూరి కలిపింది. ఒక్క చెంచాకే మొగులయ్య మూతి తిప్పాడు.

"ఇది నీ చెయ్యి కాదు. ఎవలు చేసిన్రు?"

గుడ్డని చెబితే అసలే ముట్టడని ఆమె భయం. "పక్కింటి అంజిగాడు," అని గడపలో కూర్చున్న నన్ను చూపించింది.

"నేనే కాకా. గండిపేట హోటలోళ్లు నా కాళ్లు మొక్కి నేర్సుకున్న వంట," అన్నాను.

"అందుకే గిట్ల ఏడ్సింది," అని తిడుతూ మరో మూడు చెంచాలు మింగాడు.

బాలమణి ఇంకో చెంచా నింపి పట్టుకుంది. అతను ఇక చాలన్నట్టు తల అడ్డంగా ఊపాడు, నోరు తెరవలేదు.