తుకారాం సమాధి మీది ఈగలు

ఆర్మూర్‌లో వేళ్లకు పసుపు అంటని మనుషులు తక్కువ. కావేరి వేళ్లకు మాత్రం ఎప్పుడూ స్పిరిట్ వాసనే. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఆమె అటెండర్. రైతులు సీసాల్లో తెచ్చే పురుగుల్ని కడిగి, ఆరబెట్టి, సన్నటి సూదులకు గుచ్చి, బాబురావు సార్ మైక్రోస్కోపు కింద పెట్టడం ఆమె పని. పసుపు దుంపను తొలిచే పొడుగుకాళ్ల ఈగనైతే గుమ్మంలోంచే గుర్తుపట్టేస్తుంది. "ఈగలు తోలుకునే కొలువు" అని అత్తగారి ఊరు దొంకేశ్వర్‌లో చుట్టాలు ఎగతాళి చేస్తే, "మీరు తోలుకుంటరు, నేను దాచిపెట్టుకుంట" అనేది. నోరున్న మనిషి. ఆ నోరు పుట్టిల్లు మాక్లూర్ నుంచే వెంట తెచ్చుకుందని అత్త భూమవ్వ గట్టి అభిప్రాయం.

ఆ నోరు రెండేళ్ల కింద మూతపడింది. మస్కట్‌లో తాపీ పనికి పోయిన భర్త తుకారాం, కట్టే బిల్డింగు మీది నుంచి పడి, పెట్టెలో తిరిగొచ్చాడు. చాలా రోజులైంది, తెరవొద్దు, చూసి తట్టుకోలేరని పెద్దమనుషులు అడ్డం పడ్డారు. వాళ్ల ఇంట్లో కాల్చే ఆనవాయితీ లేదు. పెట్టెను పెట్టెగానే పసుపు చేను గట్టున పూడ్చేశారు. కావేరి అతని ముఖం చూడలేదు, చెయ్యి ముట్టలేదు. చూసి ఉంటే ఏడుపు ఒక దారిన పడేదేమో, చూడలేదు కనుక అది లోపలే ఉండిపోయింది. ఆదివారం వస్తే గట్టు మీద కూర్చొని ఇంటి సంగతులన్నీ ఆ మట్టికి చెప్పేది. మొగుడితో మాట్లాడుకోవడానికి ఊరి అనుమతి దేనికని ఆమె లెక్క.

ఈ ఏడు తొలకరి పడ్డాక అలాగే చెబుతూ చెబుతూ ఆగిపోయింది. సమాధి మట్టి మీద నల్లటి నూగేదో కదులుతోంది. వంగి చూస్తే ఈగలు. నువ్వుగింజంత కూడా లేవు. ఎగరవు. గబగబా పరుగెత్తి, టక్కున ఆగి, మళ్లీ పరుగెత్తుతాయి. అవి పైనుంచి వాలినవి కావు. మట్టి సందుల్లోంచి ఒక్కొక్కటే రెక్కలు విదిల్చుకుంటూ బయటికి వస్తున్నాయి. పక్క సాలులో ఒక్కటీ లేదు. కింద అవి ఏం తిని పెరిగాయో కావేరికి ఒకరు చెప్పనక్కర్లేదు. భయంకన్నా ముందు కోపం వచ్చింది. దొరికినన్ని పట్టి టిఫిన్ డబ్బాలో వేసుకుంది.

"ఎక్కడివమ్మా ఇవి?" అన్నాడు బాబురావు సార్.

"ముందు పేరు చెప్పుండ్రి సార్. జాగ తర్వాత చెప్త."

సార్ తొందర లేని మనిషి, చాయ్ తాగడానికి కూడా ఆలోచిస్తాడు. మగ ఈగల్ని ఏరించాడు. వాటి మీసాలు చివర కొనదేరి ఉన్నాయి. దాంతో ఏ గుంపో తేలింది గానీ, ఆ గుంపులో అన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. నడిమి కాలి ముళ్లు, తోక కొస, గ్లిసరిన్‌లో నానబెట్టి పుస్తకంలోని బొమ్మల పక్కన పెట్టి ఇద్దరూ రోజుల తరబడి చూశారు. మన దగ్గర దొరికే రకాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. చివరికి మిగిలిన పేరు కోనిసెరా టిబియాలిస్.

"ఇది యూరప్ ఈగ. అక్కడ దీన్ని శవపేటిక ఈగ అంటరు. పూడ్చిన పీనుగను పట్టుకొని మట్టి కిందనే తరాలు తరాలు బతుకుతది, ఎప్పుడో పైకొస్తది. మన దిక్కు ఉన్నట్టు నేనెక్కడా చదువలే. ఇగ చెప్పు, ఏడ దొరికింది?"

కావేరి చెప్పింది. సార్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మీ ఆయన మస్కట్ నుంచే గదా వచ్చింది?"

"మస్కటే సార్. యూరప్ మొఖం జూడలే ఆయన."

"ఈగను జూసి మనిషిని కాదనకమ్మా. ఏ సామాన్లనో పడి వచ్చి ఉండచ్చు. నేనే పొరపాటు పడి ఉండచ్చు." అన్నాడే గానీ, పొరపాటు పడ్డ మనిషి గొంతులా లేదు అది.

ఇంటికి పోయే ఆటో పెర్కిట్ దాటేసరికి కావేరి మనసులో ఒక్కటే మాట. ఆ ఈగ యూరప్ నుంచి పెట్టెలోనే వచ్చిందంటే, గట్టున ఉన్నది తుకారాం కాదు. కాకపోతే ఎక్కడో ఉన్నాడు. బతికే ఉన్నాడు. సిగ్గు లేకుండా సంతోషం ముంచుకొచ్చింది. బోసి మెడ తడుముకుంది. పక్కన కూర్చున్న ముసలామె వింతగా చూస్తే నవ్వేసింది కూడా.

అప్పుడు పెట్టె తేవడానికి పట్నం ఎయిర్‌పోర్టుకు పోయింది మరిది నరేష్. ఆమె ఇల్లు చేరేసరికి అతను అన్నం తింటున్నాడు.

"నరేష్, ఆ దినం ఆడ మన పెట్టె ఒక్కటే ఉండెనా?"

ముద్ద చేతిలోనే ఆగింది. "రెండుండె వదినె. ఇంకోటి జర్మనీల చదువుకునే పిలగానిదట. వాళ్ల నాయిన సుత గాడనే గోడకు ఒరిగి కూసున్నడు. మస్తు వాన. చీటీలు తడిసి ఊడినయి. కార్గో షెడ్డోళ్లు 'ఇది మీది' అన్నరు, తెచ్చిన. ఏమైంది?"

"వాళ్ల పెట్టెనేం జేసిన్రు?"

"కాలబెట్టి నదిల కలుపుతమన్నరు."

ఆటోలో పుట్టిన సంతోషం అక్కడే చచ్చింది. తుకారాం కాలి బూడిదయ్యాడు. ఇంకెవరి పేరునో పిలిచి, ఇంకెవరి తండ్రో కొరివి పెట్టాడు. రెండేళ్లుగా ఆమె కడుపులోని మాటలన్నీ విన్నది ముక్కూ ముఖం తెలియని పిల్లవాడు.

మర్నాడు ఆదివారం. భూమవ్వ గట్టు మీద విస్తరాకు పరిచి అన్నం పెడుతుంటే, కావేరి ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలమ్మ అరవలేదు, కూలబడలేదు. ఈగలు ఆమె పాదాల మీదికెక్కి పరుగెత్తి ఆగుతున్నాయి. దులుపుకోలేదు.

"తవ్వితే నా కొడుకు దొర్కుతడా?"

"దొర్కడు అత్తమ్మా."

"వీన్ని మాత్రం తీస్కపోతరు. మల్ల మనకేమిస్తరు బిడ్డా? వాళ్ల తాన బూడిద సుత లేకపాయె."

"అయినా ఆ పిలగాని నాయినకు తెలువాలె అత్తమ్మా. ఎవరికో కొరివి పెట్టి, కొడుకుకే పెట్టిననుకుంటున్నడు గద."

భూమవ్వ ఇంకో ముద్ద కలిపింది. "చెప్పు," అంది. "పోయి చెప్పు. నా కొడుక్కు ఆ తండ్రి ఏడ్పు తక్కువ చెయ్యలే. మనం గీ పిలగానికి ఇయ్యాల అన్నం తక్కువ చెయ్యద్దు." ఆ ముద్ద విస్తరాకులో పెట్టి, చేతులు కడుక్కొని ఇంటి దారి పట్టింది.

కావేరి ఎప్పటి చోటే కూర్చుంది. తర్వాత పరాయి మగపిల్లవాడి ముందు కూర్చున్నట్టు భుజాల నిండా కొంగు కప్పుకొని, మట్టికేసి మెల్లగా అడిగింది.

"నీ పేరేంది తమ్మీ?"