లేని మిరపచేను

శాంతి చేసేదాన్ని ఊళ్లో అందరూ కంప్యూటర్ ఉద్యోగం అంటారు. అసలు సంగతేమిటంటే, చిలకలూరిపేటలో ఒక ఫ్లెక్సీల కొట్లో కూర్చుని ఫోటోలకు మెరుగులు దిద్దడం. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ పోవాలంటే పక్కనున్న నున్నటి చర్మాన్ని మౌస్‌తో తీసి దానిమీద అద్దాలి. దాన్నే క్లోనింగ్ అంటారు. శాంతి చెయ్యి పడితే అతుకు దేవుడికి కూడా కనపడదని ఓనరు శ్యామ్ సుందర్ మురిసిపోయేవాడు. జీతం పెంచమంటే మాత్రం ఆయనకు వినపడేది కాదు. ఆ పనితనమే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

ఒకరోజు పురుగుమందుల కొట్టాయన తెచ్చిన ఫోటోలో ఆమె మొగుడు ఇమ్మానియేలే ఉన్నాడు. వాగవతల కౌలుకు చేస్తున్న మిరపచేలో, ఆదివారం చొక్కా తొడుక్కుని, మందు సీసా ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఫ్లెక్సీ మీద బొమ్మ వేస్తామంటే సంబరపడి, పెళ్లానికి మాటైనా చెప్పకుండా దిగాడు పిచ్చిమారాజు. వెనకాల చేనేమో తామర పురుగు తగిలి ముడుచుకుపోయి ఉంది. దాన్ని ఎర్రగా కాయించమన్నాడు కొట్టాయన.

శాంతి చెయ్యనంది. మీ ఆయన ఒప్పుకున్నాక నీకేంటమ్మా, ఇష్టం లేకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు ఓనరు. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. ఏం చేస్తుంది? ఇంకో ఫోటోలోంచి కాయలు తీసి మొక్కమొక్కకీ అద్దింది. ఏడుపొచ్చింది, అయినా అతుకు తెలియకుండానే చేసింది.

ఫ్లెక్సీ ఊరి సెంటర్లో లేచింది. ఇమ్మానియేలు చర్చిలో పాటలు ఎత్తేవాడు, అబద్ధమాడడని పేరు. అతని ముఖం చూసి రైతులంతా అదే మందు కొన్నారు. ఎలా కొట్టావని అడిగితే ఏదో గొణిగి తప్పించుకునేవాడు. సెంటర్‌కి వెళ్లడమే మానేశాడు. మొగుడూ పెళ్లాం ఆ మాట ఇంట్లో కూడా ఎత్తలేదు.

పరిహారం కోసం పంట పోయిన చేలు రాసుకోవడానికి వ్యవసాయ ఆఫీసరు వచ్చిన రోజు శాంతి సెలవు పెట్టి గట్టు మీద నిలబడింది. ఆయన మాడిన మొక్కల్నీ ఇమ్మానియేలునీ మార్చి మార్చి చూశాడు.

"నిన్ను సెంటర్లో ఫ్లెక్సీ మీద చూశానయ్యా. ఎవరిదో చేను చూపిస్తే రాసుకుంటాననుకున్నావా? నీది చూపించు."

ఇదే నాదండీ అన్నా ఆయన నమ్మలేదు. కౌలు నోటిమాట మీద జరిగింది, ఎక్కడా అతని పేరు లేదు. అదే మందు కొట్టీ పంట పోగొట్టుకుని, తమ వంతు కోసం వెంట వచ్చిన జోసఫూ మిగతా రైతులూ ఈ చేను చూడటం అదే మొదలు. ఫ్లెక్సీ మీది చేను ఇంకెక్కడో ఉందనే వాళ్లూ అనుకుంటున్నారు. నోరు విప్పితే వాళ్లందరి ముందూ మోసగాడవుతాడు. విప్పకపోతే పంటతో పాటు పరిహారమూ పోతుంది. ఇమ్మానియేలు ముడుచుకుపోయిన ఆకొకటి తుంచి ఆయనకు చూపించబోయి, మళ్లీ కింద పడేశాడు. శాంతి అది చూడలేకపోయింది.

"ఆ చేను ఎక్కడా లేదండి. నేనే కంప్యూటర్లో కాయించాను. మాది ఇదే."

ఆఫీసరు ఇమ్మానియేలు పేరున చేను రాసుకుని గట్టు దిగాడు. తర్వాత చూడాల్సింది జోసఫ్ చేను. అతను ఆయన వెనక వెళ్లకుండా అక్కడే ఆగిపోయాడు. అరవలేదు, తిట్టలేదు.

"మరి అన్న ముఖం చూసి మా చేలకి మేం కొట్టిందేంటి వదినా?" అని అడిగాడు.